వెళ్ళడమే చూశాను

మార్చి 3

ఇల్లు మారదామన్నారు ఈయన. అన్నం తింటూ, ఉప్పు అందించమన్నంత మామూలుగా. నేనూ అంతే మామూలుగా సరే అన్నాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కాసేపు ఊరికే నిలబడ్డాను.

పోయిన వానాకాలంలో సైకిలు మీంచి పడిపోయాక, తనంతట తాను ఏదైనా కావాలని అడగడం ఇదే మొదటిసారి. రోడ్డు మీదే గుండె ఆగిపోయింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరు దిగి, ఛాతీ మీద నొక్కి నొక్కి మళ్ళీ కొట్టుకునేలా చేశాడు. ఆ మధ్యలో ఎంతసేపు లేరో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. అప్పటినుంచి సైకిలు హాల్లో గోడకి వేలాడుతోంది. దాని మీద దుమ్ము నేనే తుడుస్తాను. ఈయన అటు చూడరు.

ఈత, సైకిలు, పరుగు ఒకేరోజు వరసబెట్టి చేసే పోటీలకి వెళ్ళిన మనిషి. ఇప్పుడు మెట్లెక్కాలంటే నా భుజం కోసం తడుముకుంటారు. మెల్లగా తొక్కొచ్చన్నాడు డాక్టరు. మెల్లగా అన్న మాట ఈయనకి ఎప్పుడు తెలుసు గనక?

"ఇక్కడ ఈ లారీల మధ్య ఎలాగూ కుదరదు. దగ్గర్లో నీళ్ళో, మంచి రోడ్డో ఉంటే మళ్ళీ మనసు పుడుతుందేమో," అన్నారు.

పుడితే చాలు.

మార్చి 9

మొదటి ఇల్లు. రిజర్వాయరు గట్టుకి ఎదురుగా.

కర్టెన్లు కుట్టేదాన్ని కాబట్టి ఎక్కడికి వెళ్ళినా ముందు నా కళ్ళు కిటికీల మీదకే పోతాయి. ఈయన ఇంట్లోకే రారు, గేటు బయట నిలబడి రోడ్డు చూస్తారు. బ్రోకరు తల పట్టుకున్నాడు. "మీరు కిటికీలు చూస్తున్నారు, సారు రోడ్డు చూస్తున్నారు. ఇక ఇల్లు నేనే చూసుకోవాలండీ," అన్నాడు.

బయటికొచ్చేసరికి గట్టు మీది వాచ్‌మన్ ఈయనతో మాట్లాడుతున్నాడు.

"ఇటే మారిపోతున్నారా సార్? మంచిదే. రోజూ అంత దూరం నుంచి రావడమంటే మాటలా."

"నేనెప్పుడొచ్చాను?" అన్నారు ఈయన.

"పొద్దున్నే ఈదుతారుగా. ఈ గట్టునుంచి ఆ గట్టుకి."

"ఇంకెవర్నో చూసి నేననుకుంటున్నావు."

వాచ్‌మన్ నవ్వాడు. "పోయిన వానల నుంచీ చూస్తున్నాను. మిమ్మల్ని పోల్చుకోలేనా సార్?"

ఆ ఇంటి కిటికీలన్నీ పడమటి వైపే. వేసవిలో కొలిమిలా ఉంటుంది. వద్దన్నాను.

మార్చి 16

రెండో ఇల్లు కాలవ పక్కన. రోడ్డు గీత గీసినట్టు చదునుగా ఉంది. టీకొట్టు దగ్గర ఆగాం. కొట్టావిడ అడక్కుండానే ఈయనకి చక్కెర లేని టీ ఇచ్చింది.

"రోజూ గాలిలా వెళ్ళిపోతారు, ఒక్కపూటైనా ఆగరు. ఇవాళ ఆగారు, అదే సంతోషం," అంది. తర్వాత నావైపు తిరిగి, "మీ ఆయనేనామ్మా? కాస్త మెల్లగా తొక్కమనండి," అంది.

నేను నవ్వేశాను. ఈయన నవ్వలేదు. కారులో దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే, ఈయన స్నానం చేసి వచ్చేలోపు, సైకిలు టైరు బొటనవేలితో నొక్కి చూశాను. నేను నా కర్టెన్ల దుకాణంలో ఉన్నప్పుడు చెప్పకుండా వెళ్తున్నారేమో అని. వేలు మెత్తగా లోపలికి దిగింది. దానికి గాలి కొట్టి ఎంత కాలమైందో. నామీద నాకే చిరాకేసింది.

మార్చి 17

ఒకే పోలికతో మనుషులుంటారు. ఉండరా ఏమిటి.

మార్చి 29

ఆడపడుచుకి కూతురు పుట్టింది. ఆసుపత్రికి వెళ్ళాం. పిల్లని చేతికిస్తే ఈయన కూర్చుని రెండు మోకాళ్ళ మీదా పెట్టుకుని, వంచిన తల ఎత్తలేదు. చేతులు వణుకుతున్నాయి. అయినా ఇవ్వనన్నారు.

"వదినా, కాస్త కనిపెట్టి ఉండు. అన్నయ్య నా పిల్లని జేబులో వేసుకుపోయేలా ఉన్నాడు," అంది ఆడపడుచు.

ఇదివరకటి మనిషైతే పిల్లని ఒకసారి ముద్దు పెట్టుకుని వాచీ చూసుకునేవారు.

ఏప్రిల్ 6

మూడో ఇల్లు, కొండదారి మొదట్లో. పైన క్వారీ మూసేశాక ఆ దారిన లారీలు తిరగడం మానేశాయట. నున్నటి రోడ్డు ఇంటి ముందు కొంచెం చదునుగా ఉండి, ఆ తర్వాత మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. తూర్పు వైపు మూడు కిటికీలు. నిజం చెప్పాలంటే నాకే ముందు నచ్చింది.

ఈయన రోడ్డు మధ్యలోకి వెళ్ళి నిలబడ్డారు. ఎంత పిలిచినా పలకలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే కళ్ళలో నీళ్ళు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. ఈ దారి నాకు తెలుసనిపిస్తోంది. మూడో మలుపు దగ్గర ఎడమపక్కన కల్వర్టు ఉంటుంది."

నడిచి వెళ్ళాం. ఉంది.

ఆ పైన ఒకే ఒక్క ఇల్లు. అరుగు మీద ఒక మామ్మగారు కూర్చుని గింజలు ఏరుకుంటున్నారు. ఈయన కల్వర్టు దగ్గరే ఉండిపోయారు. నేను పలకరించాను. కింది ఇల్లు చూడ్డానికి వచ్చామన్నాను. ఆవిడ నా భుజం మీదుగా ఈయన్ని చూశారు.

"ఆయన మీ ఆయనా? ఇవాళ నడిచొచ్చాడే."

నేను వెనక్కి తిరిగి ఈయన్ని చూశాను.

"పొద్దున్నే ఇటే వెళ్తాడమ్మా సైకిలు మీద. మంచి ఊపు మీదుంటాడు. ఒకటే సంగతి, అడగొచ్చో లేదో. నేను రోజంతా ఇక్కడే కూర్చుంటాను. ఆయన పైకి వెళ్ళడమే చూశాను, దిగి రావడం ఒక్కనాడూ చూళ్ళేదు. పైన దారి లేదు కదా, క్వారీ దగ్గర ఆగిపోతుంది. ఎటు దిగుతాడు మరి?"

ఏప్రిల్ 7

ఆ ఇల్లు వద్దన్నాను. ఎందుకని అడగలేదు. "సరే నీ ఇష్టం," అన్నారు వెంటనే. పోట్లాడతారేమోనని రాత్రంతా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ ఖర్చు కాలేదు.

ఏప్రిల్ 19

ఈమధ్య మధ్యాహ్నాలు దుకాణానికి వస్తున్నారు. నేను కుట్టిన కర్టెన్లకి రింగులు తగిలిస్తారు. ఒకటి ఎక్కువో తక్కువో అయితే మొదటినుంచీ విప్పి మళ్ళీ మొదలుపెడతారు. నాతో పనిచేసే అమ్మాయి, "సారుకి జీతం ఇవ్వండి, లేకపోతే పక్క దుకాణంవాళ్ళు ఎత్తుకుపోతారు," అంటుంది. ఈయన ముసిముసిగా నవ్వుతారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరం కలిసి చేసిన పని ఇదేనేమో.

పొద్దున్నే పిక్కలు నొప్పి అంటున్నారు. నొక్కితే రాయిలా ఉన్నాయి. నిద్రలో ఏం చేస్తారండీ అని హాస్యమాడాను. ఈయన పక్కకి తిరిగి పడుకున్నారు.

ఏప్రిల్ 27

కిటికీల కొలతలు తీసుకోవాలని దుకాణంలో ముందురోజే చెప్పి ఒక్కదాన్నే కొండదారికి వెళ్ళాను. బయల్దేరేటప్పుడు ఈయన మంచం మీద ఉన్నారు. దుప్పటి సర్ది, నుదురు తాకి మరీ వచ్చాను.

మామ్మగారు అరుగు మీద చోటిచ్చారు. "వస్తాడులే," అన్నారు, నేనేం అడక్కుండానే.

ఎండ ఇంకా చెట్ల మీదకి రాలేదు. ముందు చప్పుడు వినపడింది, సైకిలు గొలుసు పళ్ళచక్రం మీద ఎక్కే చప్పుడు. మలుపు తిరిగాడు.

ఈయనే. కాదు, ఈయనలా ఉన్న మనిషి అని రాయాలి. పడిపోయిన రోజు వేసుకున్న పసుపు చొక్కా. ఆ చొక్కాని ఆసుపత్రిలో కత్తెరతో నిలువునా చీల్చారు, నేనే చెత్తబుట్టలో పడేశాను. ఎక్కుడు దారిలో సీటు మీంచి లేచి, భుజాలు అటూ ఇటూ ఊపుతూ తొక్కుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది. పోయినేడాది నుంచి నేను చూడని ముఖం.

నోట్లోంచి దానంతటదే వచ్చింది. "ఏవండీ."

తల తిప్పలేదు. ఎడమచెయ్యి కొంచెం లేపాడు, ఆగు, వచ్చేస్తున్నాను అన్నట్టు. ఎప్పుడూ అలాగే చేసేవారు. వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మామ్మగారు చెప్పింది నిజమే. దిగి రాలేదు.

ఏప్రిల్ 28

చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను, లేకపోతే డాక్టరు దగ్గరికి పదమంటారనుకున్నాను, నా కోసం.

రింగు తగిలిస్తున్న చెయ్యి ఆగింది, అంతే.

"ఎలా ఉన్నాడు?" అన్నారు.

"బాగున్నాడు."

"ఆరోజు పడ్డాక నాకు గుర్తున్నదల్లా ఒకటే. నేను పడలేదు. తొక్కుతూనే ఉన్నాను. రోడ్డు ఖాళీగా ఉంది, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. తర్వాత ఎవరో ఛాతీ మీద కొడుతుంటే చిరాకేసింది. కళ్ళు తెరిస్తే బస్సు చక్రం. నీకెందుకు చెప్పలేదంటే..."

చేతిలోని రింగు కర్టెనుకి తగిలించారు.

"ఆ ఇల్లు తీసుకుందాం. ఇక్కడ కూర్చుంటే నాకు మిగిలేది పిక్కల నొప్పే. ఒక్కసారి వెళ్ళి కలవాలి."

"కలిస్తే ఏమవుతుంది?"

"తెలీదు. నువ్వు వద్దంటే మానేస్తాను."

వద్దనలేదు. అదొక్కటీ ఇక్కడ రాసిపెట్టుకోవాలి. నేను వద్దనలేదు.

మే 18

కొండదారి ఇంటికి వచ్చేశాం. తూర్పు కిటికీలకి లేతాకుపచ్చ గుడ్డ. కర్టెన్ల రాడ్లు ఈయనే బిగించారు, ఒకటి కొంచెం వంకర. సరిచేస్తానంటే ఉండనీమన్నాను. సైకిలుకి గాలి కొట్టించి, గొలుసుకి నూనె పెట్టించాం.

పొద్దున్నే గుమ్మం ముందు నుంచి చప్పుడు వెళ్తుంది. ఇద్దరం కాఫీ తాగుతూ ఉంటాం. ఎవరమూ కిటికీ దగ్గరికి వెళ్ళం.

జూన్ 2

ఇవాళ ఈయన ఎక్కారు.

అతను వెళ్ళిన చప్పుడు వినపడ్డ కాసేపటికి బయల్దేరారు. మొదటి మలుపు దాకా వెనకాల నడిచాను. వణుకుతూ, పడుతూ లేస్తూ, చిన్నపిల్లాడు నేర్చుకుంటున్నట్టు తొక్కారు. మలుపు దగ్గర దిగిపోయి, సైకిలు తోసుకుంటూ వెళ్ళారు. వెనక్కి తిరిగి, "ఇంటికెళ్ళు. వచ్చేస్తాను," అన్నారు.

అప్పటినుంచి గుమ్మంలోనే కూర్చున్నాను. తర్వాత రాస్తాను.

జూన్ 2, మధ్యాహ్నం

వచ్చారు. తొక్కుకుంటూ వచ్చారు. కొండమీంచి రివ్వున దిగి, గుమ్మం ముందు బ్రేకు వేసి, "ఏమోయ్, ఆకలి," అన్నారు. ఏమోయ్ అని ఎన్నాళ్ళకి పిలిచారు.

నాలుగు గుడ్లు, డబ్బా రొట్టె మొత్తం తినేశారు. నుంచునే తిన్నారు. నేను ఏడుస్తుంటే, "ఏంటే పిచ్చిదానా," అని జుట్టు చెరిపేశారు.

నా మొగుడు తిరిగొచ్చాడు. దేవుడా, ఇంకేం అడగను.

జూన్ 3

ఈరోజు పొద్దున్న పైకి వెళ్ళే చప్పుడు లేదు.

జూన్ 4

సైకిలు, పరుగు, మళ్ళీ సైకిలు. కాలు ఒకచోట నిలవదు ఈయనకి. ఇల్లంతా చెమట చొక్కాలు. ఉతుకుతుంటే నాకే నవ్వొస్తోంది.

పోటీకి ఇంకా ఎన్ని వారాలుందోయ్ అని అడిగారు. ఏ పోటీ అన్నాను. చెప్పారు. అది పోయినేడాదే జరిగిపోయింది. నేను గిన్నెలు తోముతూ, చూసి చెప్తానన్నాను.

జూన్ 6

ఆడపడుచు ఫోను చేసింది, పిల్ల ఊ కొడుతోందని చెప్పడానికి. ఈయన ఫోను తీసుకుని, "ఎవరి పిల్ల?" అన్నారు. ఆడపడుచు పగలబడి నవ్వింది. "అన్నయ్యకి వేళాకోళం మళ్ళీ మొదలైంది వదినా, ఇక భయం లేదు," అంది.

ఫోను పెట్టాక ఈయన నన్నడిగారు. "దానికి పిల్లేంటి?"

జ్ఞాపకశక్తి కొంత దెబ్బ తినొచ్చని డాక్టరు అప్పుడే చెప్పాడు. చెప్పినట్టే గుర్తు.

జూన్ 7

ఈ వంకర రాడ్డు ఎవడు బిగించాడోయ్, అని విప్పి తిన్నగా బిగించారు.

పక్క మీద చెయ్యి చాపాను. తగిలింది గానీ నా చెయ్యి కోసం వెతకలేదు. హాయిగా నిద్రపోతారు. మంచిదే కదా.

జూన్ 8

మామ్మగారు కిందికి దిగి వచ్చారు, సంచీతో కూరలు తీసుకుని. ఈయన పరుగుకి వెళ్ళారు.

"మీ ఆయన దిగి రావడం ఆరోజు కళ్ళారా చూశానమ్మా, ఇన్నాళ్ళకి. నా మనసులో బరువు దిగింది," అన్నారు. వెళ్ళబోతూ ఆగారు. "ఆరోజే ఇంకెవరో పైకి వెళ్ళాడు. మీ ఆయనలాగే ఉన్నాడు గానీ బాగా నలిగినట్టున్నాడు. సైకిలు తోసుకుంటూ, ఆయాసపడుతూ. మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. మీ చుట్టమా?"

"కాదు," అన్నాను.

"అతను దిగడం మాత్రం చూళ్ళేదు."

జూన్ 9

వాన.

జూన్ 10

వాన. వెళ్ళాలి. ఈయన భోజనానికి వస్తారు, వచ్చాక చూద్దాం.

జూన్ 12

ఇవాళా వెళ్ళలేదు. ఈయన పాట పాడుతూ బట్టలు ఆరేశారు. ఇల్లు ఇంత సందడిగా ఉండి ఎంతకాలమైంది. ఎవరికైనా ఇంతకన్నా ఏం కావాలి.

జూన్ 13

కర్టెను రింగులు తగిలిస్తారా అని అడిగాను. "అదేదో నీ పని కదోయ్," అన్నారు నవ్వుతూ. కోపంగా కాదు. ఈయన ఎప్పుడూ కోపంగా అనలేదు, పెళ్ళయినప్పటినుంచీ. ఎప్పుడూ నవ్వుతూనే బయటికి వెళ్ళిపోయేవారు.

గొడుగు, ఫ్లాస్కు తీసుకున్నాను. స్వెట్టరు కూడా. "ఎక్కడికి?" అన్నారు. "పైకి," అన్నాను. ఆయన షూ లేసులు కట్టుకుంటూ తల ఊపారు.

జూన్ 13, సాయంత్రం

అంతా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

క్వారీ గేటు పక్కన కూలీల కోసం వేసిన రేకుల షెడ్డు ఉంది. అందులో బల్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన సైకిలు ఆనించి ఉంది. అదే సైకిలు. ఇంటి వరండాలో ఇప్పుడే చూసి వచ్చిన సైకిలు.

నన్ను చూసి నొచ్చుకున్నారు. "అయ్యో, ఇంత దూరం ఎందుకొచ్చావు? వచ్చేస్తానన్నానుగా. ఇప్పుడే ఎక్కాను, కాస్త ఊపిరి తీసుకుని దిగుదామని."

ఇప్పుడే ఎక్కానంటున్నారు. గడ్డం పెరిగి ఉంది. భుజాల మీద చొక్కా తడిసి, ఆరి, మళ్ళీ తడిసినట్టుంది.

"ఆకలిగా లేదా?" అన్నాను.

"లేదు. అతన్ని కలిశాను తెలుసా. నాకోసమే ఆగాడు. బాగా తొక్కావన్నాడు, తోసుకొచ్చినవాణ్ణి పట్టుకుని. నువ్విక్కడ కూర్చో, నేనోసారి ఇంటికి వెళ్ళొస్తానన్నాడు. సరే అన్నాను." నావైపు చూసి అడిగారు. "వచ్చాడా?"

"వచ్చాడు."

"సంతోషించావా?"

స్వెట్టరు తొడిగాను. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నారు. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు చూశాక గానీ ఇన్నాళ్ళూ ఎవరికోసం దిగులు పడ్డానో నాకు అర్థం కాలేదు. పక్కన కూర్చున్నాను. నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు.

"దిగగలరా?"

"నువ్వుంటే."

సైకిలు నేను తోశాను. రెండో చెయ్యి ఈయనకిచ్చాను. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి కింది నుంచి చప్పుడు వినపడింది. ఇద్దరం పక్కకి తప్పుకున్నాం. అతను మలుపు తిరిగి వచ్చాడు, సీటు మీంచి లేచి, పసుపు చొక్కాలో. మా పక్కనుంచి వెళ్తూ ఎడమచెయ్యి కొంచెం లేపాడు. ఈసారి మా ఇద్దరికీనా, ఒక్కరికేనా, చెప్పలేను.

ఈయన వెనక్కి తిరిగి చూస్తూ నిలబడ్డారు, అతను కనిపించకుండా పోయేదాకా.

"బాగా తొక్కుతున్నాడు," అన్నారు.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. వరండాలో సైకిలు లేదు. బల్ల మీద తిన్న కంచం, పక్కన సగం తాగిన నీళ్ళు.

జూన్ 14

ఈయన పొద్దుపోయేదాకా నిద్రపోయారు. లేచి, రాడ్డు తిన్నగా ఉందేమిటని అడిగారు. నేనే సరిచేయించానన్నాను. బాగుందన్నారు.

జూలై 5

ఆడపడుచు పిల్లని తీసుకుని వచ్చింది. "అన్నయ్య మళ్ళీ డల్ అయిపోయాడేం వదినా? ఫోన్లో అంత హుషారుగా ఉన్నాడు," అంది. వాతావరణం అన్నాను. పిల్ల ఈయన పొట్ట మీద నిద్రపోయింది. అది లేచేదాకా ఈయన కదల్లేదు.

సెప్టెంబరు 11

ఇల్లు ఖాళీ చేద్దామా అని మొన్న ఈయనే అడిగారు. ఎందుకు, బాగానే ఉంది కదా అన్నాను. సాయంత్రాలు ఈయన మొదటి మలుపు దాకా సైకిలు మీద వెళ్ళి వస్తున్నారు. మెల్లగా. నాకు కనిపించేంత దూరమే.

పొద్దున్నే అతను వెళ్తాడు. మామ్మగారు ఇప్పుడు నన్నేమీ అడగరు. మా గుమ్మం ముందు రోడ్డు చదునుగా ఉంటుంది కదా, ఈమధ్య అక్కడికొచ్చాక తొక్కడం ఆపుతున్నాడు. వెనకచక్రం టిక్కు టిక్కుమంటూ కిటికీ పక్కనుంచి చాలా నెమ్మదిగా వెళ్తుంది, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తున్నట్టు.

ఇవాళా అలాగే వెళ్ళింది. ఈయన నా ఎదురుగా కూర్చుని రింగులు తగిలిస్తున్నారు. తల ఎత్తలేదు.

నేను ఎత్తాను.